గడువు సాయంత్రం అయిదింటికే

కూకో ఊర్మిళా, ఆ సంచి కింద పెట్టు.
మెల్లగా, సీసాలు గలగలమంటున్నాయి.
ఏడు రోడ్ల జంక్షన్లో కరెంటు ఎప్పుడు పోతుందో
దేవుడికీ తెలీదు, లైన్‌మన్‌కీ తెలీదు.
అందుకే ముందు గడువు చూడు.
తేదీ కాదు, గంట చూడు.
రాత్రి పన్నెండు దాకా ఉందనుకుని
నేనోసారి భోంచేసి పడుకున్నాను.
సాయంత్రం అయిదింటికే తలుపేసేశారు.
అప్పట్నించీ ఈ కుర్చీలోనే ఉన్నాను,
పైవాళ్ళ దరఖాస్తులు నింపుతూ.
పద్దెనిమిదేళ్ళు. సరే, అదొగ్గేయ్.

పేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే కొట్టాలి.
బెవర ఊర్మిళ. 'ళ'కి ఎల్ ఒకటా రెండా
ఇప్పుడే తేల్చుకో.
ఆ ఒక్క అక్షరం కోసం
ఇచ్ఛాపురం నుంచి మూడుసార్లు తిరిగిన కుర్రాణ్ణి
ఇదే బల్ల మీద ఏడవగా చూశాను.

ఉత్తరాలు ఎవర్ని అడుగుతావు?
హెచ్‌ఓడీ గారి ఉత్తరం నా కంప్యూటర్లోనే ఉంది,
ఏటా పేరొక్కటే మారుతుంది.
పోయినేడు పైడితల్లి గురించి
'ఇతడు చురుకైన యువకుడు' అని వెళ్ళిపోయింది.
నువ్వు బ్యూరెట్ పగలగొట్టిన రోజు
గుమ్మం బయట నిలబెట్టి,
మర్నాడు మళ్ళీ అదే టైట్రేషన్ చేయించిన
భానుమూర్తి మాస్టార్ని అడుగు.
కాంట్రాక్టు లెక్చరరు, లెటర్‌హెడ్డూ లేదంటావు.
లేకపోనీ. నీ చెయ్యి వణకడం మానిన రోజు
చూసినవాడు ఆయనే.
ఇవాళే అడుగు. వారానికోసారి గుర్తుచెయ్యి,
అప్పులవాడిలా కాదు,
పేరంటానికి పిలవొచ్చినదానిలా.

ఇంక నీ వ్యాసం.
"చిన్నప్పటి నుంచీ నాకు సైన్సంటే ప్రాణం."
ఈ నెల్లో ఈ వాక్యం నాకు నలభై మూడోది.
కొట్టెయ్.
రెండో వాక్యంలో మీ చిన్నాన్న పోయాడు.
ఇది చెప్పడం నాకు కష్టమే ఊర్మిళా.
వారానికి రెండు డయాలసిస్‌లు, తెల్లారగట్ల బస్సు,
ఒళ్ళో నువ్వు పట్టుకున్న క్యారేజీ, అన్నీ నిజమే.
కానీ ఆ చావుని గేటు దగ్గర టిక్కెట్టులా చూపించకు.
వాళ్ళు అయ్యో అంటారు.
అయ్యో అన్నవాళ్ళు సీటివ్వాలని లేదు.
ఇచ్చినా, అయిదేళ్ళూ
ఆ అయ్యోని నువ్వే మొయ్యాలి.

ఆ సంచి విప్పు.
పదకొండు సీసాలు. పదకొండు బోర్లు.
కవిటిలో ఒకటి, మీ పెదనాన్న జీడితోటలో ఒకటి,
బడి వెనక చేతిపంపుది ఒకటి...
మూతకి ప్లాస్టరు, దాని మీద నీ చేత్తో తేదీ, లోతు.
లోతు రాయమని ఎవరు చెప్పారు నీకు?
ఎవరూ చెప్పలేదా?
అయితే అక్కడ మొదలెట్టు.
ఈ నీళ్ళల్లో ఏముందో తెలీదని రాయి.
పెద్దపెద్దవాళ్ళకీ ఇంకా తేలలేదని రాయి.
ఆ తెలీకపోవడం ఎంత లోతుందో
అడుగుల్లో రాయి.
చిన్నాన్న ఎక్కడో ఆరో పేరాలో
ఒక బోరు యజమానిగా వస్తాడు. చాలు.

మా అమ్మ పొందూరులో పత్తి ఏకేది,
వాలుగ చేప దవడతో.
ఆ పళ్ళ సన్నదనానికి నలక ఒక్కటి మిగిలేది కాదు.
మరీ ఏకితే పోగే ఉండదురా అనేది.
నాలుగుసార్లు దిద్దు.
అయిదోసారి నాకు చూపించకు.

ఎన్ని చోట్లకా? ఆరు చాలు.
ఒక్కో ఫీజు ఎన్నాళ్ళ జీడిపిక్కల కూలో
మీ అమ్మ వేళ్ళ నలుపు చూసి లెక్కేసుకో.
ఫీజు మినహాయింపు గడి
పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది.
సిగ్గుపడకు, టిక్కు పెట్టు.

రాకపోతే ఏటి అంటావా?
కారణం చెప్పరు, అది ముందే తెలుసుకో.
మళ్ళీ ఏడు మళ్ళీ రాద్దాం.
ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు.
అదే కదా మన బాధ.

ఇవాళ్టికి సేవ్ నొక్కు. ఇరవై ఆరు రోజులుంది.
ఆఖరి రోజున కాదు, దానికి ముందురోజు పొద్దున్నే రా.
సబ్మిట్ మీట నువ్వే నొక్కాలి,
నేను కుర్చీలోంచి లేస్తాను.

బేగి వెళ్ళు, పలాస బస్సు కదిలిపోతుంది.
సంచి జాగ్రత్త.
ఏడో సీసా కారుతున్నట్టుంది, చూడు.